ఎవరూ అడగని పోర్టర్

"ఎవరమ్మా ఈ పోర్టరు? రైల్వే స్టేషన్లో సామాన్లు మోసేవాడా?" అన్నారు నాన్న ఫోన్లో. 2024 జనవరి రెండో వారం అది. క్విన్సీ పోర్టర్ అనే అమెరికన్ స్వరకర్త రాసిన చాంబర్ సంగీతాన్ని (కొద్దిమంది కలిసి వాయించేది) మా క్వార్టెట్, అంటే మా నలుగురి తీగవాద్య బృందం, రికార్డు చేయబోతోందని, అందుకు నా సేవింగ్స్‌లోంచి ఆరు వేల డాలర్లు పెడుతున్నానని చెప్పడానికి చేశాను. ఆరు వేలు అన్న మాట వినగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

ఇది రాస్తున్నది 2025 మే నెల మధ్యలో. సీడీ బయటికొచ్చి ఆరు వారాలైంది. ఇలాంటి పనే మొదలుపెడదామనుకుంటున్న ఇద్దరు ముగ్గురు "స్టూడియోకెళ్లి వాయించి రావడమే కదా" అన్నట్టుగా అడిగారు. మేం వాయించింది మూడంటే మూడు రోజులు. మిగతా పదహారు నెలలూ కాగితాలు, ఎదురుచూపులు, అప్పుడప్పుడూ ఏడుపు. ఎప్పుడేం జరిగిందో గుర్తున్నంత వరకు రాసి పెడుతున్నాను.

నా గురించి రెండు ముక్కలు. విజయనగరంలో తాతగారి దగ్గర వయొలిన్ మీద సరళీ స్వరాలు నేర్చుకున్నాను. పన్నెండో ఏట న్యూజెర్సీ వచ్చాం. స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు పాతిక ఉన్నాయి, వయోలా ఒక్కటీ లేదు. టీచరు నా చేతుల పొడుగు చూసి వయోలా చేతికిచ్చారు. వయొలిన్‌కి అక్కలాంటిది, కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పిల్ల వయొలిన్ మానేసిందని ఇంట్లో అందరూ దిగులుపడితే తాతగారు ఒక్కరే "బాలమురళి వాయించేది కూడా అదేనే పిచ్చిదానా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు బోస్టన్ చుట్టుపక్కల స్కూళ్లలో వయోలా నేర్పుతాను. సాయంత్రాలు క్వార్టెట్: ఫస్ట్, సెకండ్ అని ఇద్దరు వయొలిన్లు, నేను వయోలా, ఒకతను చెల్లో (మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద తీగవాద్యం). మేం నలుగురం కలిసి వాయించడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లు.

పోర్టర్ కూడా వయోలా మనిషే. కుర్రతనంలో క్లీవ్‌లాండ్‌లో ఒక క్వార్టెట్‌లో వయోలా వాయించారు. ప్యారిస్‌లో ఉండగా 1930లో వయోలా ఒక్కదానికే ఒక సూట్, అంటే చిన్న చిన్న భాగాల వరస, రాశారు. నాలుగు భాగాలు, అంతా కలిపి ఎనిమిది నిమిషాలు. కాలేజీలో మా మాస్టారు దాని ఫొటోకాపీ ఇచ్చినప్పటి నుంచి అది నాతోనే ఉంది. పక్కపక్క స్వరాల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచే సంగీతం ఆయనది. సరళీ వరుసలు నేర్చిన వేళ్లకి ఆ నడక కొత్త కాదు. కానీ దారి తెలిసిపోయిందిలే అనుకునేలోపు ఒక మెట్టు కాలి కింద నుంచి తప్పించేస్తారు. ఆ తప్పించడం కోసమే నాకు ఆయనంటే ఇష్టం.

ఆ సూట్‌తో పాటు 1930లోనే రాసిన మూడో స్ట్రింగ్ క్వార్టెట్ (మాలాంటి నలుగురి కోసం రాసిన రచననీ క్వార్టెట్ అనే అంటారు), 1950 నాటి ఎనిమిదో క్వార్టెట్, వయోలా, పియానోల కోసం 1948లో రాసిన స్పీడ్ ఎట్యూడ్ (వేగం సాధన కోసం రాసిన చిన్న రచన). ఈ నాలుగూ కలిపి 46 నిమిషాలు. ఇదీ మా పట్టిక.

డబ్బు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఫిబ్రవరి 1న ఒక గ్రాంటుకి అప్లై చేశాం. అప్లికేషన్‌లో "ఈ స్వరకర్త ఎందుకు మరుగున పడ్డారు?" అని ఒక ప్రశ్న. నేను రాయలేకపోయాను. పాడుబడ్డ ఇంట్లో పెట్టెల్లో దొరికిన ఫ్లోరెన్స్ ప్రైస్ అనే స్వరకర్త రాతప్రతుల కథ చెబితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి, చెమర్చాలి కూడా. నల్లజాతి మహిళ కాబట్టి ఆమెకి తలుపులు మూసేశారు. మరి పోర్టర్‌కి? న్యూ హేవెన్‌లో యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇంట పుట్టారు. బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలకి డైరెక్టర్‌గా చేశారు. తర్వాత యేల్‌లోనే ప్రొఫెసర్. 1954లో సంగీతానికి పులిట్జర్ వచ్చింది. 1966లో పోయారు. ఆయన్ని ఎవరూ అణచలేదు, ఎవరూ తరమలేదు. ఉద్యోగానికి లోటు లేదు, బహుమతికి లోటు లేదు, లోటల్లా వినేవాళ్లకే. మెల్లగా, ఎవరి తప్పూ లేకుండా, జనం వాయించడం మానేశారు. అలాంటి మరుపుకి గ్రాంటు అప్లికేషన్‌లో గడి లేదు.

మా చెల్లో వాయించేవాడు "ఏదో ఒక విషాదం పెట్టు" అన్నాడు. పెట్టలేదు. పదకొండు వారాల తర్వాత, ఏప్రిల్ మూడో వారంలో, రెండు లైన్ల ఈమెయిల్‌లో కాదన్నారు. అప్పటికే హాలుకి అడ్వాన్సు కట్టేశాం. నేను ఆరు వేలు, మిగతా ముగ్గురూ మూడేసి వేలు వేసుకున్నాం. స్నేహితుల దగ్గర, నా స్టూడెంట్ల తల్లిదండ్రుల దగ్గర అడిగితే నాలుగున్నర వేలు వచ్చాయి. అందులో 501 డాలర్లు ఇచ్చినవాళ్లు మా కాలనీలోని తెలుగు అంకులు. చదివింపుల లెక్కలో ఆ ఒక్క డాలరు కలిపి ఇచ్చారు. "ఏం వాయిస్తున్నావో నాకు తెలీదు తల్లీ, కానీ ఆపకు" అన్నారు.

ఇక హక్కుల సంగతి. ఇక్కడ నాకు తెలిసినవన్నీ తప్పులే. "1930లో రాసిందేగా, 2026 దాకా ఆగితే ఫ్రీ అయిపోతుంది" అని మా సెకండ్ వయొలిన్ లెక్క చెప్పింది. కాదు. ఆ కాలం నాటి వాటికి అమెరికాలో లెక్క రాసిన ఏడాదితో కాదు, అచ్చయిన ఏడాదితో. హక్కు రెన్యువల్ చేసి ఉంటే అక్కడి నుంచి 95 ఏళ్లు. మా సూట్ రాసిన కొన్నేళ్లకి గానీ అచ్చవలేదు. మంచి వార్త ఏమిటంటే, ఒకసారి హక్కుదారు అనుమతితో రికార్డయి బయటికొచ్చిన సంగీతాన్ని తర్వాత ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. బతిమాలక్కర్లేదు. నోటీసు ఇచ్చి, చట్టం పెట్టిన రేటు కట్టాలి, అంతే. మా నాలుగూ అంతకుముందే ఎవరో ఒకరు రికార్డు చేసినవే. ఇంకెవరూ రికార్డు చేయనిది అయితే కథ వేరు. అప్పుడు హక్కుదారు దగ్గరికి స్వయంగా వెళ్లి ఒప్పించాలి. "మేమే మొట్టమొదట" అనిపించుకోవాలని ఉబలాటపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

రేటు నిమిషాల లెక్కన. అయిదు నిమిషాలు దాటిన వాటికి 2024లో ఒక్కో కాపీకి నిమిషానికి 2.38 సెంట్లు. మా సీడీలు తయారయ్యేసరికి 2025 వచ్చేసింది, అది 2.45 అయింది. 46 నిమిషాలకి ఒక్కో సీడీ మీద డాలరు 12 సెంట్ల పైచిలుకు. 500 కాపీలకి 563 డాలర్లు. ఆ లైసెన్సు పని చేసిపెట్టే ఏజెన్సీ ఫీజుతో కలిపి 640 అయింది. అమ్ముడైన వాటికి కదా కట్టాలి అనుకున్నాను. మేం వెళ్లిన పద్ధతిలో అచ్చేసిన వాటన్నిటికీ ముందే కట్టాలట.

మార్చిలో న్యూ హేవెన్ వెళ్లాను. ఎనిమిదో క్వార్టెట్‌లో నా పార్టులో (నా ఒక్కదాని స్వరాలుండే కాగితం) ఒకచోట ఉన్న స్వరానికీ స్కోరులో (నలుగురి స్వరాలూ కలిపి ఉండేది) ఉన్నదానికీ పొంతన కుదరలేదు. ఒక్క స్వరమే. రిహార్సల్లో దాని దగ్గరికి వచ్చేసరికి అందరి మొహాలూ పులిసేవి. పోర్టర్ కాగితాలు యేల్‌లో గిల్మోర్ మ్యూజిక్ లైబ్రరీ దగ్గర ఉన్నాయి. పుస్తకాల షాపుకి వెళ్లినట్టు వెళ్లిపోయాను. అలాంటి పెట్టెలు ముందుగా రాసి తెప్పించుకోవాలి, నేను రాయలేదు. తప్పు నాదే. ఆ రోజంతా ఊళ్లో తిరిగి సాయంత్రం రైలెక్కాను. రెండు వారాల తర్వాత పద్ధతిగా రిక్వెస్టు పెట్టి మళ్లీ వెళ్లాను.

బ్యాగు లాకర్లో పెట్టాలి. పెన్ను తేకూడదు, పెన్సిలే. ఫోల్డరు బల్ల మీద తెరిచి ఆ పేజీ చేరేసరికి నా చేతులు వణికాయి. ఎందుకో చెప్పలేను. ఇన్నేళ్లూ అచ్చు అక్షరాల్లో చూసిన మనిషి చేతిరాత అది. నా స్వరం సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది, స్కోరే కరెక్టు. కానీ లేవబుద్ధి కాలేదు. మూడు గంటలు కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఉన్న పెద్దాయన ఏం చూస్తున్నారో తెలీదు గానీ ఆయనా కదల్లేదు. మధ్యాహ్నం భోజనం మాట ఇద్దరికీ గుర్తులేదు.

హాలు వెతకడం గురించి ఒక మాట. మామూలు స్టూడియోలో స్ట్రింగ్ క్వార్టెట్ శబ్దం పొడిగా, అట్టముక్కలా ఉంటుంది. గదే నాలుగు వాయిద్యాల్నీ కలపాలి. అందుకే ఇక్కడ చాలామంది చర్చిల్లో రికార్డు చేస్తారు. ఆరు చర్చిలు చూశాం. ప్రతిదాంట్లోనూ మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టడం, ఎంతసేపు మోగుతుందో వినడం. మూడింట్లో శబ్దం బావిలో పడ్డట్టు తిరుగుతూనే ఉంది. ఒకటి మెయిన్ రోడ్డు మీద ఉంది. ఒకదాంట్లో పియానో మీద పూలకుండీలు, లోపల నీళ్లు. ఆరోది కుదిరింది. చెక్క కప్పు, ఊరి చివర, రోజుకి 450 డాలర్లు. శని, ఆదివారాలు పెళ్లిళ్లుంటాయి కాబట్టి సోమ, మంగళ, బుధ ఇచ్చారు. జూన్ 17, 18, 19.

ఆ వారమే వడగాడ్పు వచ్చింది. 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, మన లెక్కలో 35. "ఇదో ఎండా" అని మనవాళ్లు నవ్వుతారు. ఏసీ ఆపేసి, ఫ్యాన్లు ఆపేసి, కిటికీలన్నీ మూసేసి, మెడ కింద చెక్కడబ్బా నొక్కిపెట్టుకుని పది గంటలు వాయిస్తే తెలుస్తుంది. మైకుకి గాలి శబ్దం కూడా శబ్దమే.

ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది నిశ్శబ్దం గురించే. మొదటి రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఇంజనీరు వచ్చి మైకులు తర్వాత పెడతానని ముందు నేలమాళిగలోకి దిగాడు. అక్కడ చర్చివాళ్ల వంటగదిలో ఒక పాత ఫ్రిజ్ ఉంది. దాని ప్లగ్గు పీకి, తలుపు తెరిచి, తన కారు తాళాలు అందులో పెట్టి మూశాడు. ఎందుకంటే, "రాత్రి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతే ఇంటికెళ్లలేను కదా" అన్నాడు. అందులో సండే స్కూల్ పిల్లల ఐస్‌క్రీములు ఉన్నాయి. వాటి కోసం మా చెల్లిస్టు ఐసు కొనుక్కొచ్చి డబ్బాలో సర్దాడు. తర్వాత ట్యూబులైట్ల వంతు. అవి సన్నగా ఝుమ్మంటాయి, మామూలుగా ఎవరికీ వినపడదు. అవి ఆర్పేసి స్టాండుకొక దీపం పెట్టుకున్నాం. ఎండ ఎక్కేకొద్దీ చర్చి బెంచీలు టప్పు టప్పుమని విరుచుకోవడం మొదలైంది. దానికి మాత్రం మందు లేదు. టప్పుమన్నప్పుడల్లా మళ్లీ మొదటికి.

ప్రొడ్యూసరు పక్కగదిలో స్కోరు ముందేసుకుని కూర్చుంటారు. మాకు కనపడరు, స్పీకర్లోంచి గొంతు మాత్రం వస్తుంది. "బార్ 41 నుంచి. సెకండ్ వయొలిన్, ఆ మూడో స్వరం కాస్త కిందుంది. బాగుంది, బాగుంది, ఇంకొక్కటి." ఈ "బాగుంది, ఇంకొక్కటి" అనే మాట మూడు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. మేం మూడో క్వార్టెట్ మొదటి భాగం ఒక్కసారి పూర్తిగా వాయించి, అద్భుతంగా వచ్చిందని ఒకరి మొహాలొకరు చూసుకుని మురిసిపోతుంటే స్పీకర్లోంచి ఆయన గొంతు: "వయోలా, నువ్వు ప్రతి ఫ్రేజుకీ ముందు ముక్కుతో గాలి లాగుతున్నావు. ఇక్కడ అది తుఫాను హెచ్చరికలా వినిపిస్తోంది."

ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. ముగ్గురి వైపూ చూశాను. ముగ్గురూ స్టాండు మీది కాగితాలు సర్దుకుంటున్నారు. అంటే తెలుసన్నమాట! క్వార్టెట్లో ఎవరూ చెయ్యెత్తి సైగ చేయరు. ఎవరో ఒకరి ఊపిరితోనే అందరం కలిసి ఎత్తుకుంటాం. మా గుంపులో ఆ పని నాది. ఊపిరి ఆపితే అందరూ తలో క్షణంలో మొదలుపెడుతున్నారు, తీస్తే మైకులో తుఫాను. చివరికి నోరు కొంచెం తెరిచి పీల్చడం ప్రాక్టీసు చేశాను. బాతులా ఉన్నానని మా ఫస్ట్ వయొలిన్ నవ్వింది.

రెండో రోజు ఎనిమిదో క్వార్టెట్, మధ్యాహ్నం పియానోతో స్పీడ్ ఎట్యూడ్. పొద్దున్న ట్యూనరు వచ్చి శృతి చేసి వెళ్లాడు, 190 డాలర్లు. మూడింటికి ఆ వేడికి పియానో మళ్లీ మారింది. మళ్లీ పిలిచాం, మళ్లీ 190. అతను శృతి చేస్తున్న గంటసేపూ ఇంజనీరుకి, ప్రొడ్యూసరుకి మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ గంట నేను బయట మెట్ల మీద కూర్చుని లెక్కలు వేసుకుంటూ ఉన్నాను. టెన్షన్‌తో పుచ్చకాయ ముక్కలు ఎన్ని తిన్నానో తెలీదు.

మూడో రోజు జూన్‌టీన్త్, అమెరికాలో బానిసత్వం ముగిసిన గుర్తుగా ఇచ్చే సెలవు. రోడ్డు మీద లారీలుండవని సంతోషపడ్డాం. సెలవు కాబట్టి పక్కింటాయన గడ్డి కోసే మెషిను తీశాడు. సెకండ్ వయొలిన్ ఒక కుకీల డబ్బా పట్టుకెళ్లి విషయం చెప్పింది. ఆయన మంచివాడు, మెషిను ఆపేశాడు. కానీ సగం కోసిన గడ్డి ముందు, రోజంతా కుర్చీ వేసుకుని కూర్చుని, మేం బ్రేకుకి బయటికొచ్చినప్పుడల్లా "అయిపోయిందా?" అనేవాడు.

సూట్ అన్నిటికంటే ఆఖర్న పెట్టారు. ఒక్కదాన్నే కాబట్టి మిగతావాళ్లని ముందు వదిలేయొచ్చని. కానీ ఎవరూ వెళ్లలేదు. రాత్రి తొమ్మిదీ పదికి మొదలుపెట్టాం. పొద్దుటి నుంచీ వాయించిన చేయి. చెమటకి గడ్డం కింద చెక్క జారుతోంది. లావు తీగ శృతి ప్రతి పది నిమిషాలకీ దిగుతోంది. మొదటి భాగం, నెమ్మదిది, నాలుగు టేకుల్లో అయిపోయింది. రెండోదానికి పోర్టర్ పెట్టిన పేరు అల్లెగ్రో ఫురియోసో, కోపంగా పరిగెత్తమని. నాకు కోపం కాదు, నీరసం వస్తోంది. అయిదు టేకులు చెడిపోయాయి. ఆరోది, ఎలా వచ్చిందో తెలీదు, వేళ్లు నా మాట వినడం మానేసి వాటి దారిన అవి పోయాయి. ఆఖరి లైన్లోకి వచ్చేశాను. రోడ్డు మీద రివర్సులో లారీ. పీం, పీం, పీం.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపయ్యాక స్పీకర్లో, "మంచి టేకు. లారీ కూడా శృతిలోనే ఉంది."

నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. వయోలా బెంచీ మీద పెట్టి నేలమాళిగలోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఇంజనీరు ఏమీ అనకుండా సండే స్కూల్ ఐస్‌క్రీము ఒకటి తెచ్చిచ్చాడు. తిన్నాను. (తర్వాత ఒక కొత్త డబ్బా కొని పెట్టాం.) పైకొచ్చి ఇంకో అయిదు టేకులు. ఆఖరి లైను ఆ అయిదింటిలోంచి వచ్చింది, ముందుదంతా లారీ టేకే.

మిగతా రెండు భాగాలతో కలిపి పదకొండున్నరకి అయిపోయింది. అప్పుడొక వింత పని చేయించారు. అందరూ కదలకుండా కూర్చుని ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయాలి. ఎడిటింగులో భాగాల మధ్య అతకడానికి అది కావాలట. పూర్తి నిశ్శబ్దం పెడితే రికార్డింగు చచ్చిపోయినట్టు ఉంటుందని చెప్పారు. మా నలుగురి ఎనిమిదేళ్ల చరిత్రలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉన్నది అదే. ఇంజనీరు ఫ్రిజ్‌లోంచి తాళాలు తీసుకున్నాడు.

మొత్తం 412 టేకులు. వాటిలోంచి మొదటి ఎడిట్ రావడానికి ఏడు వారాలు పట్టింది, ఆగస్టు రెండో వారం. ఇక్కడ ఎవరూ ముందు చెప్పని విషయం ఒకటుంది. ఎడిట్ విని నలుగురూ విడివిడిగా నోట్సు రాసి పంపాలి. ఫస్ట్ వయొలిన్ నోట్సు రెండు పేజీలు, అన్నీ ఆమె స్వరాల గురించే. చెల్లిస్టుకి అన్నిచోట్లా చెల్లో వినపడటం లేదు. సెకండ్ వయొలిన్ "అంతా బాగుంది" అని ఒక్క ముక్క రాసి, మూడు రోజుల తర్వాత నాకు ఫోన్ చేసి గంటసేపు బాధపడింది. నాది ఒక జాబితా, నా ఊపిరి ఎక్కడెక్కడ వినిపిస్తోందో నిమిషాలు, సెకన్లతో ముప్పై ఒక్క చోట్లు. ప్రొడ్యూసరు ఇరవై ఆరు తీశారు. మిగతా అయిదు స్వరంతో అతుక్కుపోయాయి, తీస్తే స్వరం మొదలు తెగుతుందన్నారు. మూడు రౌండ్లు తిరిగి ఎడిట్ నవంబరులో ఖాయమైంది, డిసెంబరులో మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు శబ్దానికి చివరి మెరుగు.

ఈ లోపు లేబుళ్ల, అంటే రికార్డు కంపెనీల, వేట. జూలైలో ఏడింటికి రాశాం. నాలుగు జవాబివ్వలేదు, రెండు మర్యాదగా వద్దన్నాయి. ఏడోది తొమ్మిది వారాల తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకోవడమంటే డబ్బివ్వడం అనుకుని ఎగిరి గంతేశాను. కాదు, మేమే వాళ్లకి నాలుగు వేలు కట్టాలి. పంపిణీ, ప్రచారం, వాళ్ల పేరు వాడుకోవడానికి. శాస్త్రీయ సంగీతంలో ఇది కొత్తేమీ కాదని తర్వాత తెలిసింది. మొత్తం ఖర్చు 19,500 డాలర్లకి తేలింది. అందులో పెద్దది ప్రొడ్యూసరు, ఎడిటింగు కలిపి 5,500. తర్వాత లేబులు. తర్వాత ఇంజనీరు 3,600. సీడీలు, బుక్‌లెట్ 2,150. వాయించిన మాకు సున్నా. పియానిస్టుకి మాత్రం హోటలు ఖర్చిచ్చాం.

జనవరిలో ఒక ఎక్సెల్ షీటు నింపమన్నారు. ప్రతి భాగం పేరు, నిడివి, ఎవరు ఏం వాయించారు, స్వరకర్త ఎవరు. దాన్ని నిర్లక్ష్యం చేయకండి. నేను జాగ్రత్తగా నింపి మూడుసార్లు చూసుకున్నాను. 2025 ఏప్రిల్ 4, శుక్రవారం విడుదల. పొద్దున్నే ఆరింటికి లేచి ఫోన్లో ఒక స్ట్రీమింగ్ యాప్ తెరిచి వెతికితే మా మూడో క్వార్టెట్ లేదు. ఎనిమిదోదీ లేదు. సూట్ ఒక్కటే ఉంది. గంటసేపు వెతికాక దొరికాయి, కోల్ పోర్టర్ పేజీలో.

కోల్ పోర్టర్ అంటే బ్రాడ్‌వే సంగీత నాటకాల పాటలు రాసిన కోల్ పోర్టర్. ఈయనా యేల్‌లోనే చదివాడు, 1913 బ్యాచ్. క్విన్సీ 1919. పేరులో సగం, కాలేజీ మొత్తం ఒకటే. ఎక్కడో ఏదో మెషిను ఇద్దర్నీ కలిపేసింది. లేబులుకి రాస్తే వాళ్లు పంపిణీదారుకి రాశారు, పంపిణీదారు యాప్ వాళ్లకి రాశారు. సరిచేయడానికి పంతొమ్మిది రోజులు. చెప్పకూడదు గానీ, మాకు ఎక్కువమంది శ్రోతలు వచ్చింది ఆ పంతొమ్మిది రోజుల్లోనే. ఎవరో కోల్ పోర్టర్ ప్రేమపాటలు పెట్టుకుని వంట చేసుకుంటుంటే మధ్యలో మా క్వార్టెట్ వచ్చి ఉంటుంది. ఎంతమంది ఆపేశారో, ఒకరైనా ఆపకుండా విన్నారో.

ఇప్పటికి 71 సీడీలు అమ్ముడయ్యాయి. స్ట్రీమింగ్ లెక్క రావడానికి ఇంకా నెలలు పడుతుందట. ఒక పత్రికలో నాలుగు వాక్యాల రివ్యూ వచ్చింది, అందులో ఒక వాక్యం మా గురించి. ఒహాయో నుంచి ఒక వయోలా విద్యార్థి, సూట్ పార్టు ఎక్కడ దొరుకుతుందని రాశాడు. వెంటనే జవాబిచ్చాను. ఆ ఈమెయిల్ ఇప్పటికీ ఇన్‌బాక్స్‌లో తీసేయకుండా ఉంచాను.

మొన్న ఆదివారం ఎడిసన్‌లో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాను. నాన్న హాల్లో సీడీ పెట్టుకుని కూర్చున్నారు, ఒళ్లో బుక్‌లెట్, కళ్లజోడు నుదుటి మీద. సూట్ వస్తోంది. నేను చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మొదటి భాగం అయిపోయింది, ఆ చిన్న ఖాళీ, ఆ చర్చి గది శబ్దం. నాన్న తల ఎత్తి సౌండు కాస్త పెంచారు.

"బాగుందమ్మా. కానీ ఈ కోపంది మొదలయ్యే ముందు ఎవరో ముక్కు ఎగబీల్చారే, వాళ్లని బయటికి పంపాల్సింది."